మూడు వందల అడుగుల మొకం

శామీర్‌పేట చుట్టుముట్టు ఇరవై ఊర్లల్ల ముగ్గు వోసుడంటే చోటే మియానే. ఆడోళ్లు వాకిట్ల ఏసే ముగ్గు గాదు, భూమి మీద ప్లాట్లు గీసే సున్నం ముగ్గు. ఆయన సుతిలి తాడు గుంజి, సున్నం డబ్బా చేతవట్టి నడిస్తే గీత ఎంత సక్కగ వచ్చేదంటే, చీమలు గుడ గీత దాటాల్నా వద్దా అని ఆగి ఆలోచన జేసేటియి. ఒకపారి నాగారంల ఒక తాగుబోతు గా గీత వట్టుకొని ఇంటిదాక నడిచి వోయిండు. ఇయ్యాల సుక్క ముట్టలేదని పెండ్లానికి ఒట్టేసిండు. ఆమె వాని నడక జూసి నమ్మి కోడిని గోసింది.

మేడ్చల్ దిక్కు జొన్న చేన్లు, శామీర్‌పేట దిక్కు ద్రాక్ష తోటలు, అన్ని ఆయన సున్నం కిందనే ప్లాట్లయినయ్. సదువు రాదు. సంతకం జెయ్యమంటే బొటనవేలు జూపిస్తడు. గని ముప్పై అడుగుల రోడ్డు ఇడిశి, మూల మలిపి, నూరు ప్లాట్లు ఒక్క పూటల తీసి పెడ్తడు. టేపుతోని కొల్శినోళ్లు టేపుదే తప్పని అనేటోళ్లు.

గసువంటి మనిషి నాలుగేండ్ల సంది నవ్వుడు ఇడిశిపెట్టిండు. ఆయన ఒక్కగానొక్క కొడుకు ఏజాజ్, ఇరవై ఏండ్ల పిల్లగాడు, వెల్డింగ్ పని జేసేటోడు. రెండువేల ఎనిమిదిల మేడ్చల్ బస్టాండు కాడ చాయ్ తాగుతుంటే, సాదా బట్టలేసుకున్నోళ్లు నలుగురు వచ్చి జీపుల ఎక్కిచ్చుకొని వోయిన్రు. అడగవల్సింది ఉన్నదన్నరంట. గా చాయ్ కప్పు సగం నిండే ఉండె, బల్ల మీద. పోలీసులను అడిగితే మేమసలు తీస్కపోలేదన్నరు. ఒకాయన మాత్రం గుర్తుకు ఫోటో కావాలన్నడు. ఇంట్ల ఉన్న ఒక్క ఫోటో ఇచ్చిన్రు. కొడుకు రాలే, ఫోటో గుడ రాలే.

రేషన్ కార్డు మీద ఇంటిల్లిపాది బొమ్మ ఉన్నది గని, గండ్ల ఒక్కొక్క మొకం మిర్యాల గింజంత. కార్డు మీద ఇంత జాగ ఉండంగ, డీలర్ స్టాంపు వచ్చి సక్కగ ఏజాజ్ మొకం మీదనే వడ్డది.

రెండువేల పన్నెండు, నవంబర్ నెల. పట్నంకెల్లి మనోరమ మేడం అని ఒకామె వచ్చింది. మనుషుల హక్కుల కోసం తిరిగే సంఘం ఆమెది. పొడుగు మనిషి, కాటన్ చీర, కాళ్లకు రబ్బరు చెప్పులు. డిసెంబర్ పదో తారీకు హక్కుల దినమంట. గా దినం చెరువు శిఖంల, అంటే నీళ్లు ఎనుకకు వోయినంక తేలిన భూమి మీద, ఒక పెద్ద మొకం గియ్యాలె. గీతలు సున్నంతోని, జుట్టు కనుబొమ్మలు నల్ల బట్టలు గప్పుకొని పండుకున్న మనుషులతోని. మీదికెల్లి గ్యాస్ బుగ్గకు కెమెరా కట్టి ఫోటో తియ్యాలె. మాయమైన పిల్లగాళ్లల్ల ఒకని మొకం పెడ్తే, దేశంల పేపర్లన్నీ ఏస్తయ్, ఏ జైల్లనో ఏ దవాఖానలనో సూశినోడు ఎవడన్న ఉంటే గుర్తువట్టి ఫోన్ జేస్తడు. గిదీ ఆమె లెక్క.

ముగ్గు వోసేటోని కోసం అడిగితే అందరు చోటే మియానే జూపిచ్చిన్రు. ఆమె దగ్గర మొకం కోసం ఇంకో ఊరి పిల్లగాని ఫోటో ఉండె, మంచి రంగుల ఫోటో. చోటే మియా గా ఫోటో జూసి ఎనుకకు ఇచ్చిండు. తర్వాత తన కొడుకు సంగతి చెప్పిండు. మేడం కండ్లజోడు తీసి తుడుసుకున్నది గని, ఫోటో లేకుంటే ఎట్ల, దేన్ని జూసి గీస్తవ్ అని అడిగింది.

"నా కొడుకు మొకం నాకు ఫోటో ఎందుకు మేడం? నా చేతులల్ల ఉన్నది," అన్నడు చోటే మియా.

ఆమె ఒప్పుకున్నది. గని ఒక్క మాట గట్టిగ చెప్పింది. పోలిక సక్కగ రావాలె. రాకపోతే ఎవ్వలూ గుర్తువట్టరు, చేసిందంత గాలికి వోతది.

గా రోజు ఇంటికి వోయేతోవల చోటే మియా సైకిల్ ఆపి, చెరువు కట్ట మీద కూసొని కండ్లు మూసుకున్నడు. ఏజాజ్ నడక కనవడ్డది. నీలి గీతల అంగి కనవడ్డది. వెల్డింగ్ నిప్పులకు కాలిన ముంజేతి మచ్చలు కనవడ్డయ్, ఎడమ చెయ్యికి మూడు, కుడి చెయ్యికి ఒకటి. మొకం మాత్రం రాలే. మెడ దాక వచ్చి, మీదికి వోతే పొగ. ఇంకింత గట్టిగ మూసుకున్నడు. మళ్లొక్కపారి గా మచ్చలే వచ్చినయ్. నాలుగేండ్లు దినాం తల్సుకొని తల్సుకొని, నోట్ల ఏసుకున్న పటికబెల్లం లెక్క మొకం కరిగిపోయింది. గీ మాట ఆయన ఎవ్వలికి చెప్పలే. పెండ్లాం మెహరున్నీసాకు అసలే చెప్పలే.

చెప్పకపోయినా పనయితే జెయ్యాలె గదా. పనోని ఆలోచన పనోని లెక్కనే ఉంటది. గట్టు దొరకనప్పుడు చుట్టుపక్కల పొలాలు కొలిచి, మధ్యల మిగిలింది ఎంతనో తీస్తరు. గదే హిసాబు కొడుకు మొకానికి వెట్టిండు. చిన్నప్పటి సంది అందరనేటోళ్లు, ఏజాజ్ ముక్కు మేనత్త నజ్‌నీన్‌ది, నుదురు చెల్లె ఆఫ్షీన్‌ది, కండ్లు తల్లియి, నోరు, గదువ తండ్రియని. అయితే మొకం యాడికి వోలేదు, ఇంటింట్ల ముక్కలు ముక్కలుగ ఉన్నది, ఏరుకొచ్చుడే తక్కువ అనుకున్నడు.

సుతిలి తాడు జేబుల ఏసుకొని మొదలు తన చెల్లె నజ్‌నీన్ ఇంటికి వోయిండు. ఆమె ఉల్లిగడ్డలు కోస్తున్నది. ముక్కు కొలవాలె అంటే ఆమెకు అన్నకు పిచ్చి లేసిందనిపిచ్చింది. చెప్పినంక, కండ్లల్ల నీళ్లు ఉల్లిగడ్డలయా ఇంకోటియా తెల్వకుంట, మొకం మీదికి లేపి కూసున్నది. నా ముక్కుకు గింత యోగం వస్తదనుకోలే భయ్యా అన్నది. ముక్కు రెండు అంగుళాలు వచ్చింది. అంగుళానికి ముప్పై అడుగుల లెక్కన అరవై అడుగులు. తాడుకు ఒక ముడి. బిడ్డ ఆఫ్షీన్ నుదురుకు ఒక ముడి. తన నోరు, గదువను మంగలి దుకాణం అద్దంల జూసుకుంట కొల్సుకున్నడు. మంగలాయన గడ్డం గీస్తనన్నడు, వద్దు కొలత తప్పుతదన్నడు.

ఆఖర్న మెహరున్నీసా. ఆమె కండ్లు ఇయ్యనన్నది.

"నా కండ్లు అప్పటియి గావు అజీ," అన్నది. "ఏడ్చి ఏడ్చి చిన్నగయినయ్. వానియి గింత చిన్న కండ్లా?"

చోటే మియా, ఎంత చిన్నగయినయో నువ్వే చెప్పు, గంత కలుపుత అన్నడు. ఆమె రెండు గోర్లంత కలుపు అన్నది. ఆయన గోరు వెట్టి కొల్శి, ముడి జరిపిండు. ఆమె గప్పుడు అడిగింది, వాని మొకం నీకు యాదికి ఉన్నది గదా అని. ఉన్నదన్నడు. ఆమె ఆయన దిక్కు జూసి, మళ్ల అడగలే.

ముగ్గు మొదలువెట్టిన రోజు ఇంకో తమాషా అయింది. చోటే మియా సున్నం బస్తా దించి, కొయ్యమేకులు కొట్టి నాలుగు గీతలు గియ్యంగనే, వెంకటనర్సయ్య ముల్లుగర్ర వట్టుకొని ఉరికొచ్చిండు. గా శిఖం భూమి నీళ్లు వోయినంక ఆయనే దున్నుకుంటడు. చోటే మియా సున్నం వడ్డదంటే భూమి వోయినట్టే అని అందరికెరుకే. ద్రాక్ష తోట వోయింది, చేను వోయింది, ఇప్పుడు చెరువును గుడ అమ్మిన్రా, చేపలకు ఎన్ని గజాలు ఇచ్చిన్రు, కప్పలకు కార్నర్ బిట్టా అని లొల్లి వెట్టిండు.

చోటే మియా మెల్లగ చెప్పిండు. ప్లాట్లు గాదు నర్సన్నా, మొకం. మొకానికి రిజిస్ట్రేషన్ ఎంతని నవ్విండు వెంకటనర్సయ్య. ఏజాజ్ మొకం అని చెప్పంగనే నవ్వు ఆపిండు. గా పిల్లగాడు ఆయన ట్రాక్టర్ ట్రాలీకి ఒకప్పుడు అతుకు వేసిండు. ముల్లుగర్ర కింద వెట్టి, నెల సగం దాక నేను దున్న, నువ్వు గీసుకో మియా అన్నడు. తర్వాత తానే ఇంకో కొస తాడు వట్టుకున్నడు.

ఎనిమిది దినాలు గీసిండు. కింద నిలవడ్డోనికి ఏం కనవడదు. ముక్కు గీసేటప్పుడు ముక్కు గాదు, అరవై అడుగుల గీత. కన్ను కాడ నిలవడి జూస్తే నోరు అటెటో మైదానం అవతల, బర్లు మేసే కాడ. గీసినకొద్ది చోటే మియాకు ఆశ వుట్టింది. కొలత తప్పలే. ముడి తప్పలే. ముక్కలన్ని నిజమైనయే అయితే, కలిస్తే నిజమే వస్తది గదా. మీదికెల్లి ఫోటో తీసిన రోజు కొడుకు మొకం తనకు గుడ మళ్ల కనవడ్తది. గీ ఒక్క ఆశ మీదనే మనిషి దినాం రెండు బస్తాల సున్నం మోసిండు.

పదో తారీకు పొద్దున బస్సులల్ల జనం వచ్చిన్రు. ఊర్లోళ్లు, కాలేజి పిల్లలు, యాడయాడనో పిల్లగాళ్లు మాయమైన ఇండ్లోళ్లు, రెండువేల మంది. నల్ల బట్టలు గప్పుకొని జుట్టు అయిన్రు, కనుబొమ్మలైన్రు. గ్యాస్ బుగ్గ గుడిసెంత ఉండె. తాడు వట్టిన నలుగురిని గాలి లేపితే, అండ్ల ఒకాయన జానెడు మీదికి వోయి, నాకు మేడ్చల్ స్టేషన్ కనవడ్తాందని కింద ఉన్నోళ్లకు చెప్పిండంట. బుగ్గ లేశింది. రెండువేల మంది ఊపిరి ఆపి పండుకున్నరు. ఒక ముసలామె మాత్రం ఎడమ కనుబొమ్మల కూసొని లేవనన్నది. నా కొడుకు వస్తే నన్ను గుర్తువట్టొద్దా, మొకం గప్పుకుంటే ఎట్ల అన్నది. ఆమెను అట్లనే ఉండనిచ్చిన్రు.

బుగ్గ దిగినంక కెమెరా తీసి కంప్యూటర్ల వెట్టిన్రు. చోటే మియా ఇంటోళ్లనే ముందుగాల పిలిచిన్రు. తెర మీద మొకం వచ్చింది.

నజ్‌నీన్ జూడంగనే, యా అల్లా నా ముక్కే అన్నది. ఆఫ్షీన్ నుదురు ముట్టుకున్నది. చోటే మియాకు తన గదువ కనవడ్డది, మంగలి అద్దంల కనవడ్డట్టే. ఎవలి ముక్క వాళ్లకు కనవడ్డది. గదంత కలిసిన మొకం ఎవలిదో మాత్రం చోటే మియాకు తెల్వలే. మనిషి మొకమే, మంచి మొకమే, ఎన్నడూ సూడని మొకం. ఆయన ఇంకొక్కపారి జూసిండు. ఎవడో పరాయి పిల్లగాడు మెహరున్నీసా కండ్లు వెట్టుకొని ఆయన దిక్కే జూస్తున్నడు.

మెహరున్నీసా ముంగటికి వచ్చింది. బురఖా ముసుగు లేపి, తెరకు దగ్గరగ వంగి, మస్తు సేపు జూసింది.

"మంచిగున్నడు పిల్లగాడు," అన్నది. "ఎవలి కొడుకో."

గా మాట మెల్లగ అన్నది, ఉర్దూల అన్నది, పట్నపోళ్లకు వినవడలే. ఆళ్లు చప్పట్లు కొడుతున్నరు. మనోరమ మేడం కాగితం వట్టుకొని వచ్చి, పోలిక కుదిరిందా, గిది ఏజాజే గదా, పేపర్లకు పంపియ్యాల్నా అని అడిగింది. చోటే మియా ఎనుకకు జూసిండు. పండుకున్నోళ్లు ఇంక లేవలే, ఫోటో మంచిగ వచ్చిందంటెనే లేద్దామని సూస్తున్నరు. ఎడమ కనుబొమ్మల ముసలామె సూస్తున్నది.

"గదే మేడం. నా కొడుకే," అని బొటనవేలు ముద్ర వెట్టిండు.

పేపర్లల్ల వచ్చింది. కొన్నిట్ల పెద్దగ, కొన్నిట్ల లోపలి పేజీల. కింద చోటే మియా పేరు, ఊరు, ఫోన్ నంబర్. మెహరున్నీసా ఇంట్ల మాట్లాడుడు తక్కువ జేసింది. తప్పువట్టలే, తిట్టలే. తిట్టినా మంచిగుంటుండె అనిపిచ్చింది ఆయనకు. ఫోన్ మోగితే ఇద్దరు లేసేటోళ్లు. ఒకపారి రాంగ్ నంబర్, ఒకపారి ప్లాటు కావాల్నా అని. ప్లాట్లు గీసేటోనికే ప్లాటు అమ్మ జూసిన్రు.

వారం మీద రెండు దినాలకు అసలైన ఫోన్ వచ్చింది. గండిమైసమ్మ చౌరస్తాకెల్లి, ఒక ఆడిమనిషి. పేరు దుర్గాబాయి, పల్లీలమ్ముతది. పల్లీలకు పొట్లాలు గట్టేటందుకు పాత పేపర్ చింపుతుంటే గా మొకం కనవడ్డదంట. సదువు రాదు, పక్క చాయ్ దుకాణమాయనతోని నంబర్ సదివిచ్చుకున్నది. మాట్లాడితే ఒక్కటే మాట, నా కొడుకు ధర్మేందర్ మీ దగ్గర ఎందుకున్నడు, వస్తున్న, పంపియ్యకుంట ఉంచున్రి.

ఫోన్ల చెప్పనీయలే. తెల్లారి పదింటికే ఇల్లు అడుక్కుంట వచ్చి ముంగట దిగింది. యాభై ఏండ్ల మనిషి, చెంగుల పల్లీల మూట. కొడుకు లారీ మీద క్లీనర్‌గ వోయి ఆరేండ్లాయె. లారీ వచ్చింది, డ్రైవర్ వచ్చిండు, ధర్మేందర్ రాలే. కొంగు ముడి ఇప్పి రెండు తీసింది, మడతవెట్టిన పేపర్ ముక్క, కొడుకు ఫోటో. రెండు పక్కపక్కన వెట్టింది.

చోటే మియా జూసిండు. ఫోటోల పిల్లగానిది గుండ్రం మొకం, ఉంగరాల జుట్టు, చప్పిడి ముక్కు, నవ్వుతుంటే పండ్ల నడుమ సందు. పేపర్లది పొడుగు మొకం, నజ్‌నీన్ ముక్కు. ఆవగింజంత పోలిక లేదు. ఫోటో దినాం కొంగుల వెట్టుకున్న మనిషికి గిది ఎట్ల కనవడలేదో ఆయనకు సమజ్ గాలే. లేదమ్మా అందామని నోరు తెరిచిండు.

"పోలిక ఉన్నదక్కా," అన్నది మెహరున్నీసా.

దుర్గాబాయి ఆమె చెయ్యి వట్టుకున్నది. "మరి ఏడున్నడు?"

చోటే మియా కూసొని, మొదలు సంది అంత చెప్పిండు. తన కొడుకు సంగతి, మొకం మర్శిపోయిన సంగతి, తాడు, ముడులు, చెల్లె ముక్కు, బిడ్డ నుదురు. మొకం మర్శిపోయిన అన్నప్పుడు మెహరున్నీసా తల వంచుకొని కూసున్నది, అప్పుడే విన్నట్టు లేదు. దుర్గాబాయి పిట్టకథ విన్నట్టు విన్నది.

"ఎవలెవలియి కలిపినవో నాకెందుకన్నా," అన్నది. "వచ్చింది నా కొడుకు. నాకు జాగ చూపియ్యి."

ముగ్గురు చెరువు దిక్కు నడిశిన్రు. మెహరున్నీసా ఫోటో దినం తర్వాత గటు రాలే, ఇయ్యాల వచ్చింది. శిఖంల వెంకటనర్సయ్య ట్రాక్టర్ నడుస్తున్నది. ఒప్పుకున్న దినాలు వోయినయ్, కర్బూజ గింజలు వెట్టే యాళ్ల దాటుతున్నది. జుట్టు దున్నిండు, నుదురు దున్నిండు, కండ్లు రెండు నాగటి సాలల్ల కలిసిపోయినయ్. ముక్కు కొస, నోరు, గదువ మిగిలినయ్. సున్నం గుడ మంచుకు తడిశి, బర్ల కాళ్లకు చెదిరి, అక్కడక్కడ తెల్లగ ఉన్నది.

గిది ఏందని అడిగింది దుర్గాబాయి. ముక్కన్నడు. గిది? గదువ. నోరేదంటే, తొంబై అడుగుల గీత వెంబడి నడిశి, నడుమల నిలవడి, గిదే అన్నడు.

ఆమె గాడ కూసున్నది. చెంగు ఇప్పి పల్లీలు తీసి, ఒకటొకటి ఒలిచి, పొట్టు ఊది, గింజలు సున్నం గీత మీద వెట్టుకుంట వోయింది. ఆకలికి ఆగడు, చిన్నప్పటి సంది ఆగడు అని చెప్పింది, ఎవలికి చెప్పిందో. మెహరున్నీసా బురఖా కొస జరుపుకొని పక్కన కూసొని, మూటల చెయ్యి వెట్టి తాను గుడ ఒలుసుడు మొదలువెట్టింది. చోటే మియాకు ఏం పని లేకుండె. చేతులు రెండు ఎనుకకు కట్టుకొని గీత అవతల నిలవడ్డడు, తన గీతనే దాటవశం గానట్టు.

ట్రాక్టర్ సాలు తిప్పుకొని వాళ్ల దాక వచ్చి ఆగింది. వెంకటనర్సయ్య ఇంజన్ బందు వెట్టిండు. ఆడోళ్లను జూసిండు, గింజలను జూసిండు, దిగొచ్చి చోటే మియా పక్కన నిలవడ్డడు. కొంచెం మన్ను తీసి పిడికిట్ల పిసికి, వేళ్ల సందులకెల్లి ఇడిశిండు.

"ఇయ్యాల్టికి గీ జాగ ఇడుస్త మియా," అన్నడు. "రేపు మాత్రం దున్నుత. తడి ఆరిపోతది."